పాపకు కారు పడదు, బాబూ కక్కుతున్నాడు: ప్రయాణాలే మానేయాలా?

పేరు వద్దంటూ ఓ తల్లి పెద్ద ఉత్తరం రాశారు. సారాంశం ఇదీ. ఆమెకు ఇద్దరు పిల్లలు. పాపకు ఐదేళ్ళు, బాబుకు తొమ్మిది నెలలు. పాప మూడో ఏట నుంచీ కాస్త దూరం వెళ్తే చాలు, కారులో వాంతి చేసుకుంటోంది. ఈ మధ్య బాబు కూడా కారులో కక్కడం మొదలుపెట్టాడు. దాంతో ఇంట్లో తలో మాట. ఖాళీ కడుపుతో బయల్దేరితే నీరసం వస్తుందని అత్తగారు పాపకు కడుపునిండా పెడతారు. కడుపులో ఏమీ లేకపోతే వాంతి ఎక్కణ్ణుంచి వస్తుందని ఈమె పస్తు ఉంచుతారు. భర్త మాత్రం "అలవాటైతే అదే పోతుంది, సగం నాటకం" అంటూ, ఏడవకుండా ఫోన్ చేతికిస్తారు. బాబు వెనక్కి తిరిగి కూర్చోవడం వల్లే కక్కుతున్నాడు, సీటు ముందుకు తిప్పేద్దాం అని కూడా అంటున్నారట. కిందటిసారి ఒక బంధువు తాము వేసుకునే మాత్రలో సగం పాపకు వేశారు. వాంతి ఆగింది గానీ, పాప సాయంత్రం దాకా పిలిస్తే సరిగ్గా పలకనంత మగతగా పడుకుంది. ఇప్పుడు కారు తాళాల చప్పుడు వింటే చాలు, "నేను రాను" అని ఏడుస్తోంది. వచ్చే నెలలో ఆరు గంటల ప్రయాణం ఉంది, అందులో సగం మలుపుల రోడ్డు. "నాకూ చిన్నప్పుడు బస్సు పడేది కాదు. దానికి నా పోలికే వచ్చిందని అందరూ అంటున్నారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒకవైపు తలనొప్పితో మంచం పడతాను. పిల్లలు పెద్దయ్యేదాకా ప్రయాణాలన్నీ మానేద్దామనుకుంటున్నాను. తప్పా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో ఒకటి కాదు, మూడు సమస్యలు కలిసిపోయాయి. పాప కడుపులో తిప్పడం ఒకటి, పాప భయం రెండోది, బాబు కక్కడం మూడోది. మూడింటికీ ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే ఇంట్లో ఎవరి మాటా తేలడం లేదు.

ముందు బాబు సంగతి చూద్దాం, ఎందుకంటే అందరూ తేలిగ్గా పొరబడేది అక్కడే. రెండేళ్ళ లోపు పిల్లల్లో ప్రయాణపు వికారం చాలా అరుదు. ఎక్కువగా కనిపించేది రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్యలో, ఆ తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తుంది. పసిపిల్లలు ఒంటి కదలికను పసిగట్టడానికి ఇంకా కళ్ళ మీద అంతగా ఆధారపడరని, నడక వచ్చాక ఆ లెక్క మారుతుందని వైద్యులు చెప్పే వివరణ. అందుకే తొమ్మిది నెలల బాబు కారులో కక్కితే "వీడికీ అక్క జబ్బే" అనుకునే ముందు వేరే కారణాలు చూడాలి. మీ ఉత్తరంలోనే ఒక ఆనవాలు ఉంది. దారిలో నిద్రపోతాడని బయల్దేరే ముందు పాలు పట్టి వెంటనే సీటులో కూర్చోబెడతానని రాశారు. నిండు కడుపు, ముడుచుకున్న నడుము, పొట్టను నొక్కే బెల్టు, పైనుంచి ఎండ. ఇంత ఉంటే పాలు పైకి రావడానికి మలుపుల రోడ్డే అక్కర్లేదు.

కాబట్టి పాలకూ ప్రయాణానికీ మధ్య ఓ అరగంట ఇవ్వండి. త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని తిప్పండి. సీటులో కూర్చోబెట్టాక పక్కనుంచి ఒకసారి చూడండి: గడ్డం గుండె మీద వాలిపోయి ఉంటే సీటు వంపు సరిగ్గా లేదన్నమాట. ఆ సీటుతో ఇచ్చిన పుస్తకంలో ఏ వయసుకు ఎంత వంపు అన్నది ఉంటుంది. బెల్టు వదులు చేయడం మాత్రం దీనికి పరిష్కారం కాదు. పట్టీ భుజం దగ్గర వేళ్ళతో మడత పట్టడానికి దొరకనంత బిగువుగా ఉండాలి. మందపాటి స్వెట్టరు మీద బెల్టు పెడితే ఆ బిగువు ఉన్నట్టే కనిపిస్తుంది గానీ ఉండదు. రెండు గంటలకు మించి ఒకే బిగిన పసివాణ్ణి ఆ సీటులో ఉంచకండి.

సీటు ముందుకు తిప్పే విషయంలో మాత్రం మీవారితో నేను ఏకీభవించలేను. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. మెడ ఇంకా గట్టిపడదు. ఎదురుగా దేన్నైనా ఢీకొన్నప్పుడు, వెనక్కి తిరిగి ఉన్న సీటు ఆ దెబ్బను వీపంతా పరిచి తీసుకుంటుంది. ముందుకు తిరిగి ఉంటే ఒళ్ళు బెల్టు దగ్గర ఆగిపోతుంది, తల ముందుకు విసురుకుపోతుంది, ఆ భారమంతా మెడ మీద పడుతుంది. ఆ సీటుకు రాసిన బరువు, ఎత్తు పరిమితి దాటేదాకా వెనక్కి తిరిగి ఉండటమే మేలు. పాలు కక్కితే తుడుచుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీటులో వెనక్కి తిరిగిన బేబీ సీటు పెట్టడం ప్రాణాంతకం, అదెప్పుడూ చేయకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా కక్కుతుంటే, కారులోనే కాక ఇంట్లో కూడా ఎక్కువగా కక్కుతుంటే, బరువు సరిగ్గా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. వాంతి ఆకుపచ్చగా ఉన్నా, అందులో రక్తం కనిపించినా, బాబు మందకొడిగా అయిపోయినా, గంటల తరబడి ఒంటికి పోయకపోయినా అది ప్రయాణం గొడవ కాదు. అప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఇక పాప. కదలికను మెదడుకు చెప్పేవి లోపలి చెవి, కళ్ళు, ఒంటి కండరాలూ కీళ్ళూ. కారు మలుపు తిరుగుతుంటే లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది. తల వంచి ఫోన్ చూస్తున్న కళ్ళు "ఏమీ కదలడం లేదు" అంటాయి. ఈ రెండూ పొసగకపోవడం వల్లే కడుపులో తిప్పుతుంది. లోపలి చెవిలో ఆ భాగం పూర్తిగా పనిచేయనివాళ్ళకు తుఫాను సముద్రంలో కూడా వికారం రాదు, అంటే తేడా ఎక్కడుందో చూడండి. ఇందులో నాటకం ఏమీ లేదు. ముఖం పాలిపోవడం, చల్లటి చెమట పట్టడం ఐదేళ్ళ పిల్ల కావాలని తెచ్చుకోగలిగేవి కావు.

మీవారికి ఎందుకు రాదంటే, ఆయన స్టీరింగ్ పట్టుకుని ఉంటారు. బ్రేక్ ఎప్పుడు పడుతుందో, మలుపు ఎటు తిరుగుతుందో ముందే తెలిసిన ఒంటికి వికారం రావడం తక్కువ. నమ్మకపోతే ఒకసారి మీరు నడిపి, ఆయన్ను వెనక సీటులో కూర్చోబెట్టి, మలుపుల రోడ్డు మీద ఫోన్‌లో వార్తలు చదవమనండి. వాదించడం కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది.

అలాగని ఆయన మాట పూర్తిగా తీసిపారేయలేం. అలవాటు వల్ల తగ్గడం నిజమే. వైమానిక దళాల్లో వికారంతో బాధపడే పైలట్లకు కొద్దికొద్దిగా కదలిక పెంచుతూ అలవాటు చేసే శిక్షణ ఉంది. కానీ అక్కడ కీలకం "కొద్దికొద్దిగా" అన్నదే. వికారం ముదిరేలోపు ఆపేసి, మళ్ళీ ఇంకో రోజు మొదలుపెడతారు. వాంతి అయ్యేదాకా కూర్చోబెట్టడం ఆ శిక్షణ కాదు. పైగా అందరికీ అలవాటు కాదు. చార్లెస్ డార్విన్ 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడ మీద ప్రపంచం చుట్టారు, చివరిదాకా ఆయనకు సముద్రం పడనే లేదు.

మీ పోలిక వచ్చిందన్న మాట కూడా నిజమే కావచ్చు. ఇది కుటుంబాల్లో నడిచే లక్షణమే. మీరు రాసిన ఒకవైపు తలనొప్పి మైగ్రేన్ అయితే, దానికీ దీనికీ చుట్టరికం ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ ప్రయాణం పడకపోవడం ఎక్కువగా చూస్తాం. పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు మీ తలనొప్పి సంగతి కూడా చెప్పండి. అంతేగానీ పోలిక అంటే తప్పు కాదు. ఇంట్లో ఎవరైనా ఆ మాట నిందలా అంటే, మీ జుట్టు ఒత్తు కూడా పాపకు వచ్చిందని గుర్తుచేయండి.

తిండి విషయంలో మీరూ అత్తగారూ చెరో చివర నిలబడ్డారు. నిండు కడుపూ, బొత్తిగా ఖాళీ కడుపూ రెండూ వికారాన్ని పెంచేవే. బయల్దేరడానికి గంట ముందు నూనె, మసాలా, ఘాటు వాసన లేని తేలికైన తిండి కాస్త పెట్టండి. పాలూ స్వీట్లూ అప్పుడు వద్దు. దారిలో ఆకలంటే పొడి బిస్కెట్ లాంటిది కొంచెం కొంచెంగా, నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా. అత్తగారితో "మీరు పెట్టొద్దు" అనే కన్నా "గంట ముందు మీరే తేలిగ్గా పెట్టండి" అంటే పని జరుగుతుంది, ఆవిడకూ మనసు కష్టపడదు.

కారులో ఏం చేయాలన్నది పాప కళ్ళు ఎక్కడ చూస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. వెనక సీటులో కూర్చున్న ఐదేళ్ళ పిల్లకు చాలా కార్లలో ఎదురుగా కనిపించేది ముందు సీటు వీపే. పక్క కిటికీలోంచి చూస్తే చెట్లూ స్తంభాలూ గిర్రున పోతుంటాయి, అది ఇంకా చెడ్డది. పాప సీటును వెనక వరుస మధ్యలో భద్రంగా బిగించే వీలుంటే, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనిపిస్తుంది. రోడ్డు కనిపిస్తుందని ముందు సీటుకు మార్చడం మాత్రం వద్దు. ఈ వయసు పిల్లల చోటు వెనకే. ఫోన్, బొమ్మల పుస్తకం, రంగులు వేయడం అన్నీ బంద్. ఫోన్ లేకపోతే ఏడుస్తుందని మీవారి భయం, అర్థం చేసుకోదగ్గదే. దానికి బదులు చెవులకు పని పెట్టండి: పాటలు, కథలు, దూరంగా కనిపించే ఎర్ర లారీలు లెక్కపెట్టే ఆట. నిద్రపోతే అన్నిటికన్నా మంచిది. పాప పడుకునే వేళకు ప్రయాణం కుదిరేలా చూసుకోండి. కారులో సెంటు వాసన డబ్బాలు ఉంటే తీసేయండి. ఒక కిటికీ కాస్త తెరిచి ఉంచండి.

వాంతి చెప్పకుండా వస్తుందని రాశారు. నిజానికి ముందే చెబుతుంది, మాటల్లో కాదు. గలగలా మాట్లాడుతున్న పిల్ల ఉన్నట్టుండి నోరు మూస్తుంది. వరసగా ఆవలింతలు వస్తాయి. పెదాల చుట్టూ తెల్లబడుతుంది. నోట్లో నీళ్ళూరి గుటకలు మింగుతుంది. కొందరు చిరాకుపడి బెల్టు లాగేసుకుంటారు. ఈ వయసులో వికారం అని చెప్పడం రాదు కాబట్టి "అమ్మా, కడుపు నొప్పి" అంటారు. అక్కడి నుంచి మీకు కొన్ని నిమిషాలే టైం. ఆ నిమిషాల్లో కిటికీ తెరిచి, తలను సీటుకు ఆనించి, దూరంగా చూడమని చెప్పి, ఆపడానికి వీలైన చోటు వెతకండి. దిగి నాలుగడుగులు నడిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. నుదుటి మీద తడిగుడ్డ వేసి కాసేపు వెల్లకిలా పడుకోబెట్టినా హాయిగా ఉంటుంది. కదులుతున్న కారులో మాత్రం పిల్లను బెల్టు విప్పి ఒళ్ళోకి తీసుకోవద్దు.

మీరు చేతికిచ్చే ప్లాస్టిక్ కవరు బదులు మూత గట్టిగా పట్టే వెడల్పాటి డబ్బా ఇవ్వండి. కవరు చిన్నపిల్లల ముఖం దగ్గర ఉండటం మంచిది కాదు, పైగా గురి తప్పుతుంది. వాంతి అయ్యాక వెంటనే గ్లాసుడు నీళ్ళు తాగించకండి, అవీ బయటికి వస్తాయి. నోరు పుక్కిలింపజేసి, కాసేపు ఆగి, చెంచాలతో మొదలుపెట్టండి. సీటు పట్టీలకు అంటిన వాసన వదలడం లేదన్నారు కదా. వాటిని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, బ్లీచ్ లాంటివి పూయొద్దు, పట్టీ బలం తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం మెత్తటి సబ్బుతో తుడిచి నీడలో ఆరనివ్వండి. అయినా పోకపోతే కంపెనీ వాళ్ళను కొత్త పట్టీలు అడగడమే.

మీవారు నడిపే తీరు గురించి ఒక్క వాక్యమే రాశారు, "కొంచెం స్పీడు" అని. నన్నడిగితే ఫోన్ తర్వాత మార్చాల్సింది అదే. వేగం కన్నా, ఆ వేగం పెంచడం, తగ్గించడం, మలుపులో తిప్పడం ఎంత మెత్తగా ఉందన్నది ముఖ్యం. ఇది ఆయన చేతిలోని మందు అని చెప్పి చూడండి.

మందుల దగ్గరికొద్దాం. ఆ సగం మాత్ర ఏదో మీకు తెలియదన్నారు. ముందు పేరు కనుక్కోండి. పెద్దల మాత్రను సగం చేస్తే పిల్లల మోతాదు అయిపోదు. పాప మగత చూస్తే ఆ మోతాదు తనకు ఎక్కువే అయి ఉండొచ్చు. ప్రయాణపు వికారానికి వాడే మందుల్లో చాలావరకు నిద్ర తెప్పించే పాతరకం అలర్జీ మందులే. వాటిలో ఒకటైన ప్రోమెథజీన్‌ను రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు, ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అక్కకు తెచ్చిన సీసా ఏదైనా సరే బాబు దరిదాపుల్లోకి రాకూడదు. పెద్దలు చెవి వెనక అంటించుకునే ప్యాచ్‌లు పిల్లలకు కాదు. జలుబు అలర్జీకి వాడే నిద్ర రాని కొత్తరకం మాత్రలు దీనికి పనిచేయవు. వాంతులు విరేచనాలప్పుడు డాక్టర్లు ఇచ్చే ఒన్‌డాన్‌సెట్రాన్ కూడా ప్రయాణపు వికారానికి పెద్దగా ఉపయోగపడదు.

ఐదేళ్ళ పాపకు డాక్టరు బరువు చూసి తగిన మందు రాయగలరు. అది వాడితే దూరప్రయాణం గట్టెక్కే అవకాశం ఎక్కువ. కానీ బయల్దేరడానికి అరగంట నుంచి గంట ముందు వేయాలి, వికారం మొదలయ్యాక వేస్తే దాదాపు దండగే. దిగాక కూడా మగత ఉంటుంది. కొందరు పిల్లలకు ఇదే మందు ఎదురు తిరిగి, నిద్ర బదులు గంతులు వేయిస్తుంది. అందుకని ప్రయాణానికి కొన్ని రోజుల ముందు ఇంట్లో ఉన్నప్పుడు ఒకసారి వేసి చూడొచ్చా అని డాక్టర్ని అడగండి. జలుబు, దగ్గు సిరప్ ఏదైనా వాడుతుంటే తప్పకుండా చెప్పండి. చాలా సిరప్పుల్లో అదే జాతి మందు ఉంటుంది, రెండూ కలిస్తే మోతాదు రెట్టింపవుతుంది. వికారం తగ్గుతుందని మణికట్టుకు కట్టే బ్యాండ్లు, అల్లం గురించి కూడా అడిగారు. గట్టి రుజువులు లేవు, ఐదేళ్ళ పిల్లకు హానీ పెద్దగా లేదు. పాపకు ధైర్యంగా ఉంటే బ్యాండు కట్టండి.

ఆ ధైర్యమే ఇప్పుడు పాపకు కొరవడింది. తాళాల చప్పుడుకే ఏడవడం మొండితనం కాదు. కారు అంటే వాంతి అని ఒంటికి గుర్తుండిపోయింది. అలాంటప్పుడు కారు వాసనకే నిజంగా కడుపులో తిప్పొచ్చు. ఇంజను ఆపిన కారులో తలుపులు తెరిచి, పక్కన మీరు కూర్చుని కాసేపు ఆడుకోనివ్వండి. తర్వాత వాంతి అయ్యేంత దూరం కాకుండా, పాపకు ఇష్టమైన చోటికి చిన్న ప్రయాణాలు చేయండి. బాగున్నప్పుడే ఆపేయండి. దారిలో మాటిమాటికీ "వాంతి వస్తోందా?" అని అడగడం మానండి. మీరు ముఖాన్ని గమనిస్తే చాలు. వాంతి అయినా "అయ్యో మళ్ళీనా" అనొద్దు.

ప్రయాణాలన్నీ మానేస్తే ఆరోగ్యపరంగా ఏ నష్టమూ లేదు. వయసుతో పాటు చాలామందికి తగ్గిపోతుంది కూడా. కాకపోతే అన్నేళ్ళు మీరు ఇంట్లోనే ఉండిపోవాలి, పాప భయం అలాగే ఉంటుంది, అలవాటు పడే అవకాశమూ పోతుంది. దూరాలు తగ్గించి, చిన్న ప్రయాణాలు ఉంచుకోవడం మేలని నా ఉద్దేశం.

వచ్చే నెల ఆరు గంటల సంగతికి మీ ముందు కొన్ని దారులున్నాయి. డాక్టరు రాసిన మందుతో, గంటన్నరకోసారి ఆగుతూ ఒకేరోజు వెళ్ళడం: సెలవు కలిసొస్తుంది, కానీ బాబుతో కలిపి ఎనిమిది గంటలకు తక్కువ కాదు. మధ్యలో రాత్రి ఆగి రెండు రోజులుగా వెళ్ళడం: ఖర్చు, సామాను సర్దడం ఎక్కువ, పాపకు మాత్రం బాగా తేలిక. రాత్రిపూట పాప నిద్రలో ఉండగా వెళ్ళడం: పాపకు మంచిదే, కానీ నడిపేవారికి నిద్ర ఆగకపోతే అది వాంతి కన్నా చాలా పెద్ద ప్రమాదం. పగలు పనిచేసి వచ్చి రాత్రి బండి తీసే అలవాటు మీవారిది అయితే నేను వద్దంటాను. రైలు వెళ్ళే ఊరైతే మీరూ పిల్లలూ రైల్లో, ఆయన సామానుతో కారులో రావచ్చు. రైలు వెళ్ళే దిక్కుకే ముఖం పెట్టి కూర్చునే సీట్లు చూసుకోండి. లేదా ఈసారికి ఆయన ఒక్కరే వెళ్ళి, మీరు మానేయొచ్చు. బంధువులు ఏమనుకుంటారన్నది మీకే బాగా తెలుసు.

డాక్టరు దగ్గరికి మాత్రం వచ్చే వారంలోనే వెళ్ళండి, మందు ఇంట్లో వేసి చూడటానికి వ్యవధి ఉండాలి. వెళ్ళినప్పుడు పాపకు కారు ఎక్కని రోజుల్లో కూడా వాంతులు అవుతున్నాయా, పొద్దున్నే లేవగానే తలనొప్పితో వాంతి వస్తోందా, నడకలో తూలుతోందా, చెవి నొప్పి అంటోందా అన్నవి మర్చిపోకుండా చెప్పండి. వీటిలో ఏది ఉన్నా డాక్టరు దాన్ని ప్రయాణపు వికారంగా కాక విడిగా చూస్తారు. ఆ సగం మాత్ర పేరు కూడా ఓ కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళండి.